వంతు తెప్ప

మూల కార్తె, మొదలు

మిగతా నీళ్ళ మీద ఉన్న కషాయం మేస్త్రులందరికీ పెద్దనీటి నుంచి వీరభద్రం రాస్తున్నది. పంటకారు పొడుగునా ఇక్కడి సంగతులు పలక మీద రాసి, అన్ని నీళ్ళకీ అందించే టవర్‌కి పంపమన్నారు, పంపుతున్నాను. నాకు రాయడం కన్నా గింజలు దంచడం తేలిక. కిందటేడు నేను రాసింది మరీ పొడిగా ఉందని మీలో ఎవరో అన్నారట. తడి కావాలంటే ఇక్కడికొచ్చి చూడండి, కాళ్ళ కింద అంతా నీళ్ళే.

ఈ కారు నలభై తెప్పల మీదా మినుము వేశాం. తెప్పలుగా కట్టిన గుర్రపుడెక్క మేటలు బాగా కుళ్ళాయి, పైన పోసిన ఒండ్రు నిలిచింది. చాలా తెప్పల మీద పూత మొదలైంది. వేపదిబ్బ నుంచి తెచ్చిన గింజలు దంచి, నానబెట్టి, గుడ్డలో వడకట్టి, ఆకుకి పట్టుకోవడానికి కుంకుడు రసం కలిపాను. కషాయం అంటామేగానీ కాచేదేమీ లేదు. కాస్తే దాని గుణం పోతుంది. చేదు చూడడానికి నా నాలుక పనికిరాదని మీకు తెలిసిందే. ముప్ఫై ఏళ్ళుగా రుచి చూసీ చూసీ దానికి చేదు అంటే ఏమిటో మరుపొచ్చింది. ఈసారి మా కోడలు ఆదిలక్ష్మి చూసింది. మొహం చిట్లించి, చాలు మావయ్యా అంది. స్వాతి తుఫాను తర్వాత ఆ పిల్ల నాతో అన్న నాలుగు మాటల్లో అదొకటి.

మా గవర్రాజు సంగతి విన్నవాళ్ళు విన్నారు. విననివాళ్ళకి ఒక్కసారి రాస్తాను, మళ్ళీ రాయలేను. తుఫాను రోజున విత్తనాల పడవ తాడు తెగితే మా వాడు దాని వెనక వెళ్ళాడు. పడవ దొరికింది. వాడు దొరకలేదు. ఏటా ఉప్పు పైకి ఎక్కుతోంది కదా, అందులో కూడా పండే మినుము కోసం తొమ్మిదేళ్ళుగా వాడు మొక్కలు ఏరి, వేసి, మళ్ళీ ఏరి తయారుచేసిన విత్తనం ఆ పడవలోనే ఉంది. అంతా తడిసిపోయింది. తడిసిన విత్తనం దాచితే కుళ్ళుతుంది. అందుకని మొలకెత్తేలా ఉన్నదంతా ఆదిలక్ష్మి ఏరి తన తెప్ప మీద చల్లేసింది. ఆ ఒక్క తెప్పకే సరిపోయింది. ఆ విత్తనం ఇప్పుడు అక్కడ తప్ప ఇంకెక్కడా లేదు. మొక్కలు మిగతావాటి కన్నా ఆలస్యంగా పెరుగుతున్నాయిగానీ, ఆకు చూస్తే కడుపు నిండుతుంది.

మూల కార్తె, చివర

పురుగుకి రెక్కలొచ్చి ఎగిరితే పసిగట్టే రెక్కలపెట్టె మోగింది. ఒడ్డువైపు నుంచి లద్దెపురుగు రెక్కలు నీళ్ళ మీదికి బయలుదేరాయి. మరునాడు పొద్దున్నే అందరం పడవలు వేసుకుని గాలికి ఎదురుగా వెళ్ళి దూది వదిలాం.

ఈ ఏడు కొత్తగా చేరిన మేస్త్రి ఒకాయన, ఒక తెప్పని కషాయం కొట్టకుండా పురుగుకి ఎందుకు వదిలేస్తారు, మీకేమన్నా పిచ్చా అని అడిగాడు. అయ్యా, వేప పురుగుని చంపదు. తిననివ్వదు, అంతే. పక్కన తియ్యటి ఆకు ఉన్నంతకాలం పురుగు చేదు ఆకు జోలికి రాదు. ఎక్కడా తియ్యటి ఆకు లేకపోతే ఆకలితో చేదే నమిలి, రెండో రోజుకి అలవాటు పడుతుంది. మా నాన్న చిన్నప్పుడు ఎగువనీళ్ళ వాళ్ళు అన్ని తెప్పలకీ కొట్టుకుని, ఆ ఏడు గింజ లేకుండా అయిపోయారు. అందుకని ఒకటి వదులుతాం. దాన్ని వంతు తెప్ప అంటాం. ఎవరిదన్నది మనుషులు చెప్పరు. బూరుగు దూది గాలికి వదిలితే అది ఎక్కడ వాలితే అక్కడికే రెక్కలూ వస్తాయి, ఎందుకంటే తెచ్చేది అదే గాలి. వంతు వచ్చినవాళ్ళకి మిగతా ఇళ్ళవాళ్ళందరూ తలో బుట్ట ఇస్తారు కాబట్టి ఎవరూ పస్తుండరు.

దూది ఆదిలక్ష్మి తెప్ప మీద వాలింది.

మా తెప్పల పెద్ద తాతారావు, నాకు వరసకి బావమరిది, తన పడవ నా పక్కకి తెచ్చి గాలి తేడాగా ఉంది, ఇంకోసారి వదులుదాం అన్నాడు. గాలి తేడాగా లేదు. నాకు తెలుసు, వాడికీ తెలుసు. ఒకసారి మనకి ఇష్టంలేని చోట వాలిందని మళ్ళీ వదిలితే, ఇక ప్రతి ఏడూ ఎవరికో ఒకరికి ఇష్టం ఉండదు. వద్దన్నాను. ముప్ఫైతొమ్మిది ఇళ్ళవాళ్ళూ నన్నే చూశారు. నా కొడుకు పంట మీద నేనే పురుగుని వదిలానని వాళ్ళ కళ్ళల్లో జాలి కనిపించింది. ఆ జాలి భరించడం కన్నా తిట్లు తినడం నయం.

మొగ్గ మీద ఉన్న మినుముని పీకి నాటితే బతకదు. ఆదిలక్ష్మికి అదీ తెలుసు. అందుకే అడగలేదు. పడవలో నిలబడి దూదిని ఆకుమీద నుంచి తీసి, కొంగున ముడేసుకుని, “మావయ్య చెప్పిందే కానివ్వండి” అంది. తరవాత ఆ రోజంతా తెప్ప దిగలేదు. నేనూ పిలవలేదు, ఏ మొహం పెట్టుకుని పిలుస్తాను?

పూర్వాషాఢ కార్తె

ఎండకి కషాయం బలం పోతుంది కాబట్టి సాయంత్రాలే కొడుతున్నాం. ముప్ఫైతొమ్మిది తెప్పలకీ రెండో విడత అయింది. పురుగు వాటి దగ్గరికి రావడం లేదు.

ఒక చిన్న విసుగు కూడా రాస్తాను. కషాయం కొట్టిన డబ్బాలు నీళ్ళలో కడగకూడదని, చేపపిల్లకి మంచిది కాదని, నా తెప్ప దగ్గరున్న తొట్టిలోనే కడగాలని ఇక్కడ కట్టుబాటు. ఆ కడుగునీళ్ళే మళ్ళీ గింజలు నానబెట్టడానికి పోస్తాను. ఈసారి తొట్టి సగం కూడా నిండడం లేదు. అడిగితే ఆదిలక్ష్మి పక్క తెప్ప బుల్లెమ్మ, డబ్బాలో చుక్క మిగలకుండా కొడుతున్నాం అన్నయ్యా, కడగడానికి ఏముంటుంది అంది. మా వాళ్ళకి ఇంత పొదుపు ఎప్పుడొచ్చిందో తెలియదు. వస్తే మంచిదే.

వంతు తెప్ప వైపు నేను వెళ్ళలేదు. ఈపాటికి ఈనెలు తప్ప ఏమీ మిగలవు కదా అనుకున్నాను. ఆదిలక్ష్మే పడవ వేసుకుని వచ్చి, ఒకసారి చూడండి మావయ్యా అంది. వెళ్ళాను. ఆకులకి అక్కడక్కడా చిల్లులున్నాయి. పురుగు ఉంది, చిన్నదీ పెద్దదీ, బోలెడంత ఉంది. కానీ ఆకు ఉంది. పూత ఉంది. నా ముప్ఫై ఏళ్ళలో పూత నిలబడిన వంతు తెప్పని చూడలేదు. ఆ పిల్ల నా మొహంలోకి చూస్తూ నిలబడింది. పురుగు నెమ్మదిగా తింటోందమ్మా అన్నాను. మేస్త్రిగా నేను చెప్పినవాటిలో అంత పనికిమాలిన మాట ఇంకోటి ఉండదు.

ఉత్తరాషాఢ కార్తె, మొదలు

మేస్త్రులందరూ ఇది శ్రద్ధగా చదవండి, మీలో ఎవరికైనా తెలిస్తే వెంటనే జవాబు పంపండి. తనలోనే చేదున్న మినుముని ఎవరైనా చూశారా?

వంతు తెప్ప ఇంకా పచ్చగా ఉంది. పిందె పడింది. ఆదిలక్ష్మి ఆకు కొరికి చూసి చేదుగా ఉందంది. నేనూ నమిలాను, నాకేం తెలుస్తుంది, కాగితం నమిలినట్టుంది. ఆ తెప్ప మీదే ఇంకోచోట ఆకు కోయించి తనకిచ్చాను. అదీ చేదే అంది. కింది ఆకు తక్కువ, పై ఆకు ఎక్కువ. మినుముకి ఈ గుణం ఉన్నట్టు నేనెప్పుడూ వినలేదు. కానీ తొమ్మిదేళ్ళూ మా వాడు బతికి నిలిచిన మొక్కల్నే ఏరాడు కదా. ఉప్పుకి బతికినవని వాడనుకున్నాడు. అందులో పురుగుకి బతికినవి కూడా ఉన్నాయేమో. వాడికే తెలియకుండా ఈ గుణం చేతికి చిక్కిందేమో.

ఇదే నిజమైతే ఇక గింజలు దంచక్కర్లేదు, డబ్బాలు అక్కర్లేదు, దూది అక్కర్లేదు. నా పని పోతుంది. నా పని పోవాలని ఇంతగా కోరుకుంటానని ఎప్పుడూ అనుకోలేదు.

ఆదిలక్ష్మి ఇప్పుడు రెండు పూటలా అన్నం తింటోంది. నిన్న నాతో వాడి గురించి మాట్లాడింది. మొక్కలతో కబుర్లు చెప్పేవారనీ, తను నవ్వితే ఉడుక్కునేవారనీ చెప్పింది. నేను కూడా వాడి చిన్నప్పటివి రెండు చెప్పాను. తుఫాను తర్వాత మా తెప్ప మీద నవ్వు వినిపించడం అదే మొదలు.

కాయ పండగానే అడిగినవాళ్ళందరికీ గుప్పెడు విత్తనం పంపుతాను. పేర్లు టవర్‌కి చెప్పి ఉంచండి.

ఉత్తరాషాఢ కార్తె, చివర

విత్తనం కోసం రాసిన పదకొండు మంది మేస్త్రులకీ ఇదే నా జవాబు. విత్తనం లేదు.

పొద్దున బుల్లెమ్మ కేకలేసుకుంటూ వచ్చింది. వెళ్ళి చూస్తే వాళ్ళ తెప్ప సగం ఈనెలే మిగిలాయి. ఆ పక్కన ఇంకో రెండు తెప్పల మీద కూడా పురుగు మొదలైంది. అన్నిటికీ కషాయం పట్టి ఉంది, ఆకుమీద కుంకుడు మెరుపు కూడా కనిపిస్తోంది. పురుగు దాన్నే తింటోంది.

కషాయం పల్చనైందేమోనని భయపడ్డాను. ఏటా చేసే పరీక్షే మళ్ళీ చేశాను. చిక్కటి కషాయంలో ముంచిన ఆముదం ఆకులు రెండు ముంతల్లో పెట్టాను. ఒకదాంట్లో దిబ్బ మీది పిచ్చాముదం నుంచి తెచ్చిన పురుగుల్ని వదిలాను. అవి ఆకు అంచు ముట్టుకుని, తల తిప్పుకుని, ముంత గోడ ఎక్కాయి. రెండోదాంట్లో ఆదిలక్ష్మి తెప్ప మీది పురుగుల్ని వదిలాను. మధ్యాహ్నానికి ఆకు లేదు. పుట్టినప్పటి నుంచీ కొద్దికొద్దిగా చేదు తిని పెరిగిన పురుగులవి. నా నాలుకకి జరిగిందే వాటికీ జరిగింది.

ముంతలు అందరి ముందూ పెట్టి, వంతు తెప్పకి కషాయం కొట్టిందెవరని అడిగాను. తాతారావు తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

“కొట్టలేదు బావా. డబ్బా కడిగిన నీళ్ళు పోశాను. తొట్టికి వచ్చే దారిలోనే గదా ఆ తెప్ప. నీ మొహం చూళ్ళేకపోయాను. చెంబుడు నీళ్ళకి ఏవవుద్దిలే అనుకున్నాను.”

బుల్లెమ్మ ఏడుపు మొదలుపెట్టింది. తనూ పోసిందట. ఆమె వెనక ఇంకొకరు. ఆ వెనక ఇంకొకరు. సాయంత్రం పూట ఎవరి పడవ వాళ్ళది, ఎవరికి వాళ్ళు నేనొక్కణ్ణే కదా అనుకున్నారు. ముప్ఫైతొమ్మిది ఇళ్ళ జాలి చెంబులకొద్దీ ఆ మొక్కల మీద పడింది. పురుగుని ఆపేంత చేదు కాదు. అలవాటు చేసేంత చేదు. ఒక్కరైనా దుర్మార్గులుంటే వాళ్ళని తిట్టుకుని బతికేవాణ్ణి. తొట్టి నిండనప్పుడే నేను గట్టిగా అడగాల్సింది. పూత నిలబడిందన్న సంబరంలో అడగలేదు.

ఆదిలక్ష్మి ముంతలోకి చూస్తూ కూర్చుంది. అందరూ వెళ్ళాక అడిగింది.

“అయితే ఆ చేదు ఆయనది కాదా మావయ్యా?”

కాదమ్మా అన్నాను.

“నేను రోజూ పొద్దున్నే ఒక ఆకు తిన్నాను. ఆయన చేసిందని తిన్నాను.”

అరవై ఏళ్ళవాణ్ణి, ఆ పిల్ల పక్కన కూర్చుని ఏడ్చాను. తను ఏడవలేదు.

శ్రవణ కార్తె

రెండు రోజులు అందరం కలిసి చేత్తో పురుగు ఏరాం. తాతారావు తన తెప్ప వదిలేసి ఆదిలక్ష్మి తెప్ప మీదే మోకాళ్ళ మీద పాకాడు. ఏరినకొద్దీ ఉంది. పగలు మేటలోకి దూరిపోతుంది, గుర్రపుడెక్క పొరల్లో ఎక్కడని వెతుకుతాం? పెద్దవి కొన్ని అప్పటికే గూళ్ళలోకి వెళ్తున్నాయి. అవి రెక్కలొచ్చి లేచాయంటే వాటి పిల్లలకీ ఆ అలవాటే వస్తుంది, ఈ నీళ్ళ మీద వేపకి ఇక విలువ లేదు. అవి మీ నీళ్ళకీ వస్తాయి.

చెయ్యాల్సింది ఒక్కటే. పురుగు పట్టిన నాలుగు తెప్పల్నీ ముంచాలి. బుల్లెమ్మదీ, ఆ పక్క రెండిళ్ళవాళ్ళవీ మినుములు అప్పటికే పండాయి, దొరికినంత కోసుకున్నారు. ఆదిలక్ష్మి తెప్ప మీద గింజ ఇంకా పాలమీదే ఉంది. పన్నెండు రోజులు ఆగితే ముదిరేది. పన్నెండు రోజుల్లో రెక్కలు లేస్తాయి.

ఈ మాట నేనే వెళ్ళి చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలా అని దారంతా అనుకుంటూ వెళ్ళాను. వెళ్ళేసరికి ఆ పిల్ల పచ్చి కాయలు కోస్తోంది. ఒక్కో కాయ తిప్పి చూసి, పురుగు లేనిదాన్ని బుట్టలో వేస్తోంది. నన్ను చూసి, “సాయంత్రానికి అవుతుంది మావయ్యా, రాళ్ళు తెప్పించండి” అంది.

రాళ్ళ పడవలు తాతారావు తెచ్చాడు. మిగతా మూడు తెప్పలూ ముంచాక దీని దగ్గరికి వచ్చాం. మేట మీద రాళ్ళు పేర్చి, వెదుళ్ళ కట్లు కోశాం. చివరి కట్టు కొయ్యడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. ఆదిలక్ష్మి నా చేతిలోంచి కత్తి తీసుకుని కోసింది. తెప్ప వెంటనే మునగలేదు. ముందు ఒక పక్క ఒరిగి, మొక్కలు నీళ్ళలో పడుకున్నట్టై, తరవాత మెల్లగా వెళ్ళింది. ఆకులు నీటి కింద చాలాసేపు పచ్చగా కనిపించాయి. పురుగులు తేలితే చేపలు వచ్చి అందుకున్నాయి. నా కొడుకు పోయినప్పుడు నేను చూడలేదు. ఇది చూశాను.

మిగిలిన ముప్ఫైఆరు తెప్పల మీదా పురుగు లేదు. రెక్కలపెట్టె మోగలేదు.

శతభిష కార్తె

ఈ కారు అయిపోయింది. మామూలు మినుము కోతలయ్యాయి, పంట ఫరవాలేదు. ఉప్పు తగిలిన వైపు ఎప్పట్లాగే ఎండింది. వేపకి పురుగు మళ్ళీ తల తిప్పుకుంటోంది, రెండు ముంతల్లోనూ చూశాను. వంతు బుట్టలు కట్టుబాటు ప్రకారం ఆదిలక్ష్మికి వచ్చాయి. కొందరు రెండేసి తెచ్చారు. ఒకటి తీసుకుని ఒకటి వెనక్కిచ్చింది.

కోసుకొచ్చిన పచ్చి కాయల్ని ఆ పిల్ల నీడలో ఆరబెట్టింది. గింజలు ముడుచుకుపోయి చిన్నబోయాయి. వాటిలో కాస్త గట్టిగా ఉన్నవాటిని ఏరి, ఒండ్రు పోసిన కుండల్లో పెట్టింది. పాలమీద కోసిన గింజ మొలవదని నాకు తెలుసు, తనకీ తెలుసు. అయినా ఇద్దరం రోజూ వెళ్ళి చూశాం. నిన్న మట్టి కదిపి చూస్తే మెత్తబడి కుళ్ళాయి. ఒక్కదానికీ మొలక లేదు.

ఇవాళ పొద్దున మిగిలిన గింజలన్నీ కడిగి, ఉప్పేసి ఉడకబెట్టింది. గిన్నె పడవలో పెట్టుకుని, తెడ్డు వెయ్యండి మావయ్యా అంది. ఎక్కడికని అడగలేదు. ప్రతి తెప్ప దగ్గరా ఆపమంది. వచ్చినవాళ్ళ చేతిలో నాలుగేసి గింజలు పెట్టింది. బుల్లెమ్మ చెయ్యి చాపి, ఎందుకమ్మా ఇవి అంది.

“ఆయన పంట పిన్నీ. తినండి.”

బుల్లెమ్మ తింది. అందరూ తిన్నారు. తాతారావు మాత్రం అరచేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆదిలక్ష్మి పడవ కదలనివ్వలేదు. అతను నోట్లో వేసుకుని, నమిలి, మింగేదాకా చూసి, అప్పుడు పదండి మావయ్యా అంది. అది కోపమో, క్షమో నాకు తెలియలేదు. ఆ పిల్లకైనా తెలుసో లేదో.

తిరిగొచ్చాక గిన్నె అడుగున ఉన్నవి ఇద్దరం పంచుకున్నాం. తొమ్మిదేళ్ళలో వాడు ఒక్క గింజ కూడా వండనివ్వలేదు. తల్లి బతికున్నప్పుడు, రుచి చూద్దాం రా ఒక్క గుప్పెడు అని బతిమాలినా, ప్రతి గింజా విత్తనమే అమ్మా అని డబ్బా మూత బిగించేవాడు. దాని రుచి ఎలా ఉంటుందో వాడికీ తెలియదు.

కమ్మగా ఉన్నాయి.